కంప్యూటర్లో తిప్పితే డిస్కులు అరిగిపోతాయా? ఒక ఆడియో ల్యాబ్ కేసు

పాత డిస్కుల్లో చిక్కుకున్న రికార్డింగులను బయటికి తీసి భద్రపరచడం నా వృత్తి. ఈ కేసు ఒక భాషా శిక్షణ సంస్థది. వాళ్ళ ఆడియో ల్యాబ్‌లో విద్యార్థులు కంప్యూటర్ డ్రైవ్‌లో సీడీ పెట్టుకుని హెడ్‌ఫోన్లలో పాఠాలు వింటారు. కొంతకాలంగా డిస్కులు ఒకదాని తర్వాత ఒకటి మొరాయించడం మొదలుపెట్టాయి. కొన్ని పాఠం మధ్యలో ఆగిపోతున్నాయి, కొన్నింటిని డ్రైవ్ గుర్తించడమే లేదు. ల్యాబ్ బాధ్యత చూసే మేడమ్ సూటిగా అడిగారు: "రోజూ కంప్యూటర్లో తిప్పి తిప్పి అరిగిపోతున్నాయండీ. ఇవన్నీ ఆపేసి మామూలు సీడీ ప్లేయర్లు కొనుక్కోమంటారా?"

వాళ్ళ దగ్గర ఉన్నవి రెండు రకాలు. పాఠ్యపుస్తకాలతో పాటు వచ్చిన, ఫ్యాక్టరీలో అచ్చు వేసిన ఆడియో సీడీలు మొదటి రకం. సంస్థ సొంతంగా రికార్డు చేసుకుని సీడీ-ఆర్‌ల (ఒక్కసారి రాసుకునే ఖాళీ సీడీల) మీద రాసుకున్నవి రెండోవి. మొదటివి పోతే మళ్ళీ తెప్పించుకోవచ్చు. రెండో రకంలో మాత్రం, ఎప్పుడో రిటైరైన ఒక ఉపాధ్యాయురాలి ఉచ్చారణ పాఠాలున్నాయి. మాస్టర్ రికార్డింగులు ఉన్న హార్డ్ డిస్క్ ఏనాడో పోయింది. ఆ గొంతు మిగిలింది ఈ డిస్కుల్లోనే. అందుకని ప్లేయర్లు కొనాలా వద్దా అన్నదాని కంటే, ఈ డిస్కులను చంపుతున్నది ఏమిటో ముందు తేలాలని వాళ్ళకు చెప్పాను. కారణం తెలియకుండా యంత్రాలు మార్చితే, అసలు దెబ్బ తగిలే చోటు అలాగే ఉండిపోతుంది.

అరగడానికి రాపిడి ఎక్కడుంది?

గ్రామఫోన్ రికార్డు మీద ముల్లు నడుస్తుంది, క్యాసెట్ టేప్ హెడ్‌ను రుద్దుకుంటూ పోతుంది. అవి వాడేకొద్దీ అరుగుతాయి. డిస్కులూ అంతేననే నమ్మకం అక్కడి నుంచే వచ్చింది. సీడీలో పాట చదివే భాగం డిస్కును తాకదు. లెన్స్‌కీ డిస్కుకీ మధ్య సుమారు ఒక మిల్లీమీటరు ఖాళీ ఉంటుంది. లేజర్ కాంతి అడుగు నుంచి పారదర్శకమైన పాలీకార్బొనేట్ ప్లాస్టిక్‌ గుండా వెళ్ళి, పైన లేబుల్ కిందే ఉన్న లోహపు పొరను తాకి వెనక్కి వస్తుంది. వెళ్ళి వచ్చేది కాంతి మాత్రమే కాబట్టి అరగడానికి అక్కడ ఏ రాపిడీ లేదు.

ఆ కాంతి సంగతేమిటని మేడమ్ అడిగారు. మంచి ప్రశ్నే, ముఖ్యంగా సీడీ-ఆర్‌ల విషయంలో. వాటిలో రంగు పొర ఒకటి ఉంటుంది, రాసేటప్పుడు లేజర్ దాన్నే మారుస్తుంది. అయితే చదివేటప్పుడు డిస్కు మీద పడే లేజర్ శక్తి ఒక మిల్లీవాట్‌కు లోపే ఉంటుంది. రాయడానికి దానికి ఎన్నో రెట్లు ఎక్కువ, వేగంగా రాస్తే పదుల మిల్లీవాట్లు కావాలి. కాబట్టి ఒకే పాఠాన్ని ఎన్నిసార్లు విన్నా, వినడం వల్ల రంగు పొర మాడిపోదు. తిరిగి రాసుకునే డిస్కులకు సుమారు వెయ్యి సార్లని చెప్పే పరిమితి కూడా రాతకు సంబంధించినదే. చదవడం ఆ లెక్కలోకి రాదు.

సిద్ధాంతం అంతవరకే. కళ్ళెదుట డిస్కులు పాడై ఉన్నాయి కాబట్టి, వాటిని చూడాల్సిందే.

గీతల ఆకారం

డిస్కు పరీక్షకు నేను మొదట వాడేది ఒక టేబుల్ ల్యాంపు. డిస్కును వేళ్ళతో అంచుల దగ్గర పట్టుకుని, కాంతి ఏటవాలుగా పడేలా నెమ్మదిగా తిప్పుతాను. గీత ఎంత పెద్దదన్న దానికన్నా అది ఏ దిక్కుగా సాగిందన్నదే నాకు ముఖ్యం.

చాలా డిస్కుల మీద మామూలు చేతి గీతలే ఉన్నాయి: అడ్డదిడ్డంగా, పలచగా, వేలిముద్రలతో కలిసి. ఇవి చూడటానికి భయంకరంగా ఉంటాయి కానీ పెద్దగా హాని చేయవు. లేజర్ కిరణం డిస్కు అడుగున ప్రవేశించే చోట దాదాపు 0.8 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, లోపలి పొర చేరేసరికి ఒకటిన్నర మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కుదించుకుపోతుంది. అడుగున ఉన్న సన్నని గీత ఆ వెడల్పాటి కాంతిలో కొద్ది భాగాన్నే అడ్డుకుంటుంది. పైగా సీడీలో సమాచారాన్ని ముక్కలు చేసి దూరదూరంగా చల్లి రాస్తారు, సరిదిద్దే కోడ్‌ను వాటితో కలిపేస్తారు. ట్రాక్, అంటే సమాచారం రాసిన సన్నని చుట్ట బాట, వెంబడి దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల మేర వరసగా పోయినా ఆ కోడ్ పూర్తిగా తిరిగి తేగలదు. మధ్య నుంచి అంచుకు సాగిన గీత ప్రతి చుట్టునూ ఒక్క క్షణం మాత్రమే దాటుతుంది. ట్రాక్ వెంబడి గుండ్రంగా సాగిన గీత అలా కాదు. ఒకే చోట సెంటీమీటర్ల కొద్దీ సమాచారాన్ని మింగేస్తుంది. డిస్కు తుడిచేటప్పుడు గుండ్రంగా తిప్పకుండా మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవమనేది ఇందుకే.

ల్యాబ్ డిస్కుల్లో కొన్నింటి మీద సరిగ్గా అలాంటి గుండ్రటి గీతలే కనిపించాయి. పూర్తి వలయాలు కావు, విల్లు ఆకారపు ముక్కలు. మొదలైన చోట లోతుగా ఉండి, పోనుపోను సన్నబడి మాయమవుతున్నాయి. వేర్వేరు డిస్కుల మీద కూడా ఈ విల్లులు కేంద్రం నుంచి దాదాపు ఒకే దూరంలో ఉన్నాయి. చేత్తో పడే గీతలు ఇంత పద్ధతిగా ఉండవు. తిరుగుతున్న డిస్కు కదలని వస్తువేదో తాకి, వేగం తగ్గుతూ ఆగింది. ఆ వస్తువు ఎప్పుడూ అదే చోట ఉంది. అంటే ఏదో ఒక డ్రైవ్ లోపల.

కంప్యూటర్లన్నింటిలో పాత సీడీలు పెట్టి తీస్తూ పోయాను. పనికిరాని డిస్కునే వాడాలి ఇలాంటి పరీక్షకు, లేబుల్ వైపు మార్కర్‌తో చుక్క పెట్టుకుంటే గీత ఏ వైపు పడిందో పోల్చుకోవడం సులువు. గోడ పక్కనున్న ఒక కంప్యూటర్ టవర్‌లో ఎజెక్ట్ నొక్కగానే సన్నగా "కిర్" మన్న చప్పుడు వచ్చింది. డిస్కు తీసి ల్యాంపు కింద పెడితే తాజా విల్లు గీత.

ట్రే డ్రైవ్ పనిచేసే తీరు ఇలా ఉంటుంది: ట్రే లోపలికి వెళ్ళాక కింది నుంచి మోటారు కుదురు పైకి లేచి, డిస్కును ట్రే మీంచి కాస్త ఎత్తి పట్టుకుంటుంది. బయటికి వచ్చే ముందు మోటారు బ్రేక్ వేసి, డిస్కు పూర్తిగా ఆగాక దాన్ని ట్రే మీదికి దింపాలి. ఈ డ్రైవ్‌లో ఆ బ్రేక్ మందగించింది. డిస్కు ఇంకా తిరుగుతుండగానే ట్రే మీదికి దిగుతోంది. అది ఒక్కటే అయితే ట్రే ప్లాస్టిక్ నున్నగా ఉంటుంది కాబట్టి అంత గీత పడేది కాదేమో. ట్రే మీద వేలితో తడిమితే గరుకుగా ఏదో తగిలింది. డిస్కుల మీద అంటించే కాగితం లేబుల్ ఒకటి అంచు ఊడి, దాని జిగురు ట్రేకు అంటుకుంది. ఆ జిగురులో సన్నని ఇసుక రేణువులు ఇరుక్కుపోయాయి. ఆ గరుకు చోటే ప్రతి డిస్కునూ కోస్తోంది.

కాగితం లేబుళ్ళంటే నాకు ఎప్పుడూ పడదు. సరిగ్గా మధ్యలో అంటకపోతే డిస్కు బరువు ఒక పక్కకు లాగుతుంది, వేగం పెరిగితే ఊగుతుంది. తీసేయబోతే కింద ఉన్న లోహపు పొర కూడా జిగురుతో ఊడి వస్తుంది. సీడీలో లేబుల్ వైపు ఆ పొరకు రక్షణ మైక్రాన్ల మందపు లక్క మాత్రమే. అందుకే సీడీకి అడుగు వైపు కంటే పై వైపు ఎక్కువ సున్నితం. అడుగున గీత పడితే పాలిష్ చేసుకోవచ్చు, పైన గీత పడి పొర లేచిపోతే ఆ సమాచారం ఇక లేనట్టే. డీవీడీలో పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది కనుక ఈ భయం తక్కువ, వంచితే పలకలు విడిపోతాయనే భయం వేరే ఉంది.

వాడనివే ఎక్కువ పాడయ్యాయి

మేడమ్ వాదనను పూర్తిగా పరీక్షించే అవకాశం అనుకోకుండా దొరికింది. ఉచ్చారణ పాఠాల్లో కొన్నింటికి మూడేసి కాపీలు రాసి పెట్టుకున్నారు. ఒకే రకం ఖాళీ డిస్కులు, ఒకే రోజు రాసినవి. ఒక కాపీ ల్యాబ్‌లో రోజూ తిరిగింది. ఇంకొకటి బీరువాలో పెట్టెలో ఉండిపోయింది. మూడోది "అవసరానికి చేతికి అందేలా" కిటికీ పక్కన తెరిచిన ర్యాక్‌లో, పెట్టె లేకుండా నిలబడి ఉంది. దాన్ని ఎవరూ వాడలేదు.

తిప్పడమే అరుగుదలకు కారణమైతే, రోజూ వాడినది అన్నింటికన్నా అధ్వానంగా ఉండాలి, మిగతా రెండూ ఒకేలా బాగుండాలి. చదువుతున్నప్పుడు ఎన్ని తప్పులు వస్తున్నాయో లెక్కపెట్టి చూపగల డ్రైవ్‌లు కొన్ని ఉంటాయి. అలాంటి దానిలో మూడు కాపీలనూ స్కాన్ చేశాను. సీడీ ప్రమాణాల ప్రకారం తప్పున్న బ్లాకులు సగటున సెకనుకు 220 దాటకూడదు. మంచి డిస్కుల్లో ఇది చాలా చాలా తక్కువ ఉంటుంది.

రోజూ వాడిన కాపీ, బీరువాలోది రెండూ హద్దులోనే ఉన్నాయి. వాడినదాని గ్రాఫులో అక్కడక్కడ ముళ్ళు లేచాయి, అవి చేతి గీతలున్న చోట్లకు సరిపోయాయి. కిటికీ పక్కనున్న కాపీ హద్దు దాటిపోయింది. అంచు వైపు వెళ్ళేకొద్దీ డ్రైవ్ చదవలేక వదిలేసింది. మూడింటినీ పక్కపక్కన పెడితే కంటికే తేడా తెలిసింది. కిటికీ కాపీ అడుగు రంగు వెలిసి, పాలిపోయి ఉంది. ఎండలోని అతినీలలోహిత కాంతికి రంగు పొర మెల్లగా విచ్ఛిన్నమవుతుంది. చదివే లేజర్ ఏళ్ళ తరబడి చేయలేని పనిని కిటికీ చేసేసింది. అదే ర్యాక్‌లో ఉన్న అచ్చు సీడీలకు మాత్రం ఏమీ కాలేదు, వాటిలో రంగు పొర లేదు కదా.

ఈ ఫలితం చూపించినప్పుడు మేడమ్ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "జాగ్రత్తగా దాచామనుకున్నవే పోయాయా?" అన్నారు. జాగ్రత్త అంటే చేతికి అందుబాటులో ఉంచడమని అనుకోవడం సహజం. డిస్కుకు మాత్రం జాగ్రత్త అంటే చీకటి, చల్లదనం, పొడి గాలి, నిలువుగా పెట్టిన గట్టి పెట్టె.

మరి ప్లేయర్‌లో పాడినది కంప్యూటర్లో ఎందుకు పాడదు?

కంప్యూటరే డిస్కును పాడు చేసిందన్న అనుమానానికి బలమిచ్చిన అనుభవం ఒకటి వాళ్ళకుంది. మొరాయించిన ఆడియో సీడీని ఆఫీసులో ఉన్న పాత ప్లేయర్‌లో పెడితే బాగానే పాడేది. మళ్ళీ కంప్యూటర్‌కు తెస్తే ఆగిపోయేది.

ఆడియో సీడీలో సరిదిద్దలేని తప్పు వచ్చినప్పుడు ప్లేయర్ దాన్ని దాచేస్తుంది. ముందు వెనకల శబ్దాన్ని బట్టి మధ్యలో లేని విలువను ఊహించి పూరిస్తుంది. చెవికి తెలియదు. కంప్యూటర్ డ్రైవ్ చాలాసార్లు ఊహతో సరిపెట్టుకునే ముందు తప్పు లేకుండా చదవాలని చూస్తుంది. ఫైళ్ళున్న డేటా డిస్కులో అయితే ఊహకు అసలు తావు లేదు, సరిదిద్దలేని ఒక్క బైట్ మిగిలినా ఆ సెక్టార్ (సమాచారం ఉండే చిన్న ముక్క) పనికిరాదు. అందుకని డ్రైవ్ వేగం తగ్గించి, మళ్ళీ మళ్ళీ అదే చోటికి వెళ్ళి ప్రయత్నిస్తుంది. అప్పుడు వచ్చే టక టక చప్పుడు లెన్స్ అటూ ఇటూ పరిగెత్తేది. డిస్కు అరుగుతున్న చప్పుడు కాదది. దెబ్బ అప్పటికే తగిలి ఉంది, ప్లేయర్ కప్పిపుచ్చింది, కంప్యూటర్ బయటపెట్టింది. నన్నడిగితే దాచేవాడి కన్నా చెప్పేవాడే నయం, ఎందుకంటే డిస్కు చావుకు దగ్గరపడిందని ముందుగా తెలిసేది ఇలాగే.

వేగం విషయంలో మాత్రం కంప్యూటర్ నిజంగానే వేరు

ఇక్కడ మేడమ్ అనుమానంలో కొంత సత్యముంది. ప్లేయర్‌లో సీడీ లోపలి ట్రాక్ దగ్గర నిమిషానికి సుమారు 500 చుట్లు, అంచు దగ్గర 200 చుట్లు తిరుగుతుంది. 52ఎక్స్ (ప్లేయర్ కన్నా 52 రెట్ల వరకు వేగంగా చదివేది) అని రాసి ఉన్న కంప్యూటర్ డ్రైవ్ పూర్తి వేగంలో దాదాపు 10,000 చుట్లు తిప్పుతుంది. 12 సెంటీమీటర్ల డిస్కు అంచు అప్పుడు గంటకు 220 కిలోమీటర్లకు పైబడిన వేగంతో పోతుంది. బాగున్న డిస్కు దాన్ని హాయిగా తట్టుకుంటుంది. పగులున్న డిస్కు తట్టుకోదు. తిరిగే వేగానికి ప్లాస్టిక్ మీద పడే లాగుడు మధ్య రంధ్రం అంచున అన్నిటికన్నా ఎక్కువ. పగుళ్ళు పుట్టేది కూడా అక్కడే. బిగుతు పెట్టెలోంచి మధ్య బుడిపెను నొక్కకుండా అంచు పట్టుకుని వంచి లాగితే అక్కడ సన్నగా చీలుతుంది. ల్యాప్‌టాప్ డ్రైవ్‌లలో డిస్కును కుదురు మీద టక్‌మని బిగించాలి, తీసేటప్పుడు కుదురు మీద బొటనవేలు ఆనించాలి. తొందరలో ఎవరూ ఆ పని చేయరు.

ల్యాబ్ డిస్కుల రంధ్రాలను భూతద్దంతో చూశాను. కొన్నింటికి వెంట్రుకంత పగుళ్ళున్నాయి. అవి ఇంకా పనిచేస్తున్నాయి, విద్యార్థులు రోజూ పెడుతున్నారు. నాకు ఈ కేసు మొత్తంలో టెన్షన్ పెట్టింది ఇదే. పగిలిన డిస్కు పూర్తి వేగంలో ముక్కలైతే డ్రైవ్ పోతుంది, ముక్కలు ట్రే ముందు నుంచి బయటికి రావచ్చు కూడా. వాటిని అప్పటికప్పుడు పక్కన పెట్టించాను.

వేడి గురించి కూడా అడిగారు. రాత్రంతా డ్రైవ్‌లో వదిలేసినంత మాత్రాన డిస్కు పోదు, కొద్ది నిమిషాలకు మోటారు ఆగిపోతుంది. అయినా కేసు లోపల వేడి, ఫ్యాన్ లాగే దుమ్ము ఉంటాయి కాబట్టి పని అయ్యాక తీసి పెట్టెలో పెట్టడమే మంచిది. డిస్కు తిరుగుతుండగా టవర్‌ను కదిపితే, ఒరిగిస్తే లెన్స్ డిస్కుకు తగిలి పూర్తి వలయంగా గీత పడే ప్రమాదముంది. ఇక్కడ అలాంటి గుర్తులు కనిపించలేదు.

చేసిన పని

గోడ పక్కనున్న డ్రైవ్‌ను తీసేయించాను. ప్లేయర్లు కొనవద్దన్నాను. వాటిలోనూ చేతులు అవే, పెట్టెలు అవే, కిటికీ అదే. దానికి బదులు ప్రతి డిస్కునూ ఒక్కసారి చదివి ఫైలుగా మార్చుకుని, పాఠాలను ల్యాబ్ సర్వర్ నుంచి వినిపించుకోమన్నాను. సొంత రికార్డింగులకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, పుస్తకాలతో వచ్చిన వాటికి ప్రచురణకర్తల అనుమతి అడగమన్నాను.

మొదట ఉచ్చారణ పాఠాలే తీసుకున్నాను. అవి డేటా డిస్కులు, వాటిలో వేవ్ అనే రకం ఆడియో ఫైళ్ళు ఉన్నాయి. బాగున్న బీరువా కాపీలు మామూలుగానే వచ్చేశాయి. బీరువా కాపీ దొరకని పాఠాలతోనే అసలు పని. అక్కడ మిగిలింది విల్లు గీతలు పడిన ల్యాబ్ కాపీ, రంగు వెలిసిన కిటికీ కాపీ. రెండూ ఒకే ఇమేజ్ (డిస్కు మొత్తానికి ఒకే ఫైలుగా ఉన్న నకలు) నుంచి రాసినవని ముందు ఖాయం చేసుకున్నాను: డిస్కు తయారైన తేదీ, సమయం, మొత్తం సెక్టార్ల సంఖ్య రెండింటిలోనూ ఒకటే. అలాంటప్పుడు ఒకదానిలో లేని సెక్టార్‌ను రెండోదాన్నుంచి తెచ్చి పెట్టవచ్చు.

డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం ఇందుకు బాగా పనికొస్తుంది. ముందు సులువుగా వచ్చేవన్నీ తీసుకుని, మొండి చోట్లను తర్వాతకు వదిలేస్తుంది. ఏ సెక్టార్ వచ్చింది, ఏది రాలేదు అన్నది మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. డ్రైవ్ వేగాన్ని తక్కువకు కట్టేసి ల్యాబ్ కాపీని చదివాను. గీత ఉన్న చోట వరసగా సెక్టార్లు పోయాయి. అదే మ్యాప్ ఫైలుతో, ట్రేలో కిటికీ కాపీని పెట్టి మళ్ళీ నడిపాను. ఈసారి అది ఖాళీల కోసమే వెళ్ళింది. గీత ఒక చోట, వెలిసిన భాగం అంచున, రెండూ ఒకదాని మీద ఒకటి పడలేదు కాబట్టి చాలా ఖాళీలు పూడాయి. మిగిలిన వాటికి వేరే కంపెనీ డ్రైవ్‌లో ప్రయత్నించాను. ఒక డ్రైవ్ వదిలేసిన చోటును ఇంకొకటి చదవడం తరచూ జరుగుతుంది, ఒక్కోదాని లెన్స్, సర్క్యూట్ ఒక్కో తీరు.

పాలిష్ అన్నిటికన్నా చివరి మార్గం. టూత్‌పేస్ట్ రుద్దమని సలహా ఇచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. వేరే కాపీ లేని డిస్కు మీద ఆ పని దయచేసి చేయకండి. చేత్తో రుద్దితే ఒక గీత పోయి వంద సన్నగీతలు వస్తాయి. ముందు శుభ్రమైన నీళ్ళు, అవసరమైతే చుక్క సబ్బు, మెత్తని గుడ్డ. వీలైనంత సమాచారం బయటికి తీశాకే పాలిష్ మిషన్ గురించి ఆలోచించాలి.

పగిలిన డిస్కుల్లో ఒకదానికి వేరే కాపీయే లేదు. సీడీలో సమాచారం కేంద్రం నుంచి 25 మిల్లీమీటర్ల దగ్గర మొదలవుతుంది. దానికి ముందు 23 దగ్గర నుంచే డిస్కు పట్టిక ఉంటుంది. పగులు ఇంకా ఆ పట్టిక వరకు కూడా రాలేదు. అత్యల్ప వేగంలో, ఒక్కసారి మాత్రమే తిప్పుదామని, మధ్యలో చప్పుడు మారితే ఆపేద్దామని ముందే మాట్లాడుకున్నాం. మొత్తం వచ్చింది. తర్వాత దాన్ని ఇంకే డ్రైవ్‌లోనూ పెట్టకుండా కవర్ మీద ఆ మాట రాసి పెట్టించాను.

తీసిన ప్రతి ఇమేజ్‌కు ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలు మారిందో లేదో తర్వాత పోల్చి చూసుకునే గుర్తు) లెక్కించి, రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో పెట్టాం. ఒకటి సంస్థలో, ఇంకొకటి బయట. ఒక పాఠంలో మాత్రం చివర కొన్ని సెక్టార్లు రెండు కాపీల్లోనూ దొరకలేదు. ఒక వాక్యం మధ్యలో శబ్దం తెగి, మళ్ళీ వస్తుంది. ఆ ఇమేజ్ పక్కనే దాని మ్యాప్ ఫైలును కూడా దాచమన్నాను. ఆ ఉపాధ్యాయురాలి పాత విద్యార్థుల్లో ఎవరి దగ్గరైనా అదే డిస్కు కాపీ ఉందేమో మేడమ్ కనుక్కుంటున్నారు. దొరికితే మొత్తం చదవాల్సిన పని లేదు, ఆ కొద్ది సెక్టార్లను దాన్నుంచి తెచ్చుకుంటే చాలు.